గోడ దాటడానికి ఎలక్ట్రాన్‌కి ఎనర్జీ ఎవరిస్తారు?

ప్రశ్న: ట్యూషన్ టీచర్, సత్యనారాయణపురం, విజయవాడ

అందరికీ నమస్కారం. మా ఇంట్లోనే బీఎస్సీ ఫిజిక్స్ పిల్లలకి ట్యూషన్ చెబుతాను. మొన్న బుధవారం టన్నెలింగ్ మొదలుపెట్టాను, అంటే తన ఎనర్జీ కన్నా ఎత్తైన ఎనర్జీ గోడని కూడా ఎలక్ట్రాన్ దాటేయడం. అందరికీ తెలిసిందే కదా అని చిట్టినగర్ సొరంగం ఉదాహరణ ఇచ్చాను. కొండ ఎక్కి దిగక్కర్లేదు, మధ్యలోంచి విద్యాధరపురం వైపు వెళ్ళిపోతాం, ఎలక్ట్రాన్ కూడా అంతే అన్నాను. వెనక కూర్చున్న అమ్మాయి లేచి, "మేడమ్, ఆ కొండని మనుషులు తవ్వారు. ఇక్కడ ఎవరు తవ్వారు? గోడ మధ్యలో ఉన్నప్పుడు కైనెటిక్ ఎనర్జీ (కదలిక వల్ల ఉండే శక్తి) మైనస్ రావాలి కదా?" అంది.

కాసేపు ఎనర్జీ అప్పు తెచ్చుకుని, దాటాక తిరిగి ఇచ్చేస్తుంది అని చెప్పాను. నేను చదువుకున్నప్పుడు విన్న మాట అది. ఆ పిల్ల నోట్సులో రాసుకుంది గానీ నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. రాత్రంతా నాకూ అదే ఆలోచన. అప్పు ఇచ్చింది ఎవరు? శనివారం మళ్ళీ క్లాసు ఉంది. తప్పు చెప్పి ఉంటే దిద్దుకోవాలి. పెద్దవాళ్ళెవరైనా చెప్పండి.

జవాబు: రిటైర్డ్ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు

అమ్మా, ఆ పిల్ల అడిగినవి రెండూ అసలైన ప్రశ్నలు. అప్పు మాట ఇక చెప్పకండి. గోడకి ఇవతల ఎలక్ట్రాన్ ఏ ఎనర్జీతో ఉందో అవతలా అంతే ఉంటుంది, పైసా తేడా రాదు. ఎలక్ట్రాన్ నడకని చెప్పే ష్రోడింగర్ సమీకరణం గోడకి ఇవతల, లోపల, అవతల అని మూడు భాగాలకీ రాసేటప్పుడు అన్నిచోట్లా ఎనర్జీకి ఒకే E వేస్తాం కదా. మధ్యలో పెంచింది ఎక్కడ? తగ్గేది అవతల కనిపించే అవకాశం మాత్రమే.

గోడ లోపల వేవ్ ఫంక్షన్, అంటే ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంతో చెప్పే అల, ఊగడం మానేసి క్రమంగా సన్నగిల్లుతుంది. గోడ ఎత్తుకి ఒక హద్దు ఉన్నంతకాలం అది అంచు దగ్గర ఠక్కున సున్నా కాలేదు, దాని వాలు కూడా తెగకుండా కలవాలి. గోడ పల్చగా ఉంటే అది పూర్తిగా ఆరిపోయేలోపే అవతలి అంచు వచ్చేస్తుంది. తవ్వడం అన్నది ఎక్కడా లేదు. అందుకే చిట్టినగర్ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు.

మైనస్ సంగతి ఇంకా బాగుంటుంది. ఎలక్ట్రాన్ గోడలో ఉండగానే పట్టుకుంటాం అనుకోండి. అది చొరబడే లోతు చాలా తక్కువ. అంత ఇరుకులో దాన్ని గుర్తించాలంటే హైసెన్‌బర్గ్ నియమం (చోటు ఎంత కచ్చితంగా తెలిస్తే మొమెంటం, అంటే ద్రవ్యరాశి వేగాల లబ్ధం, అంత అనిశ్చితం) ప్రకారం దాని మొమెంటం చెదిరిపోతుంది. ఆ చెదరడంతో వచ్చే ఎనర్జీ, గోడ ఎత్తుకి తక్కువైన ఎనర్జీకి దాదాపు సమానం. కాబట్టి మైనస్ కైనెటిక్ ఎనర్జీతో అది ఎవరికీ దొరకదు.

శనివారం ఒక గాజు గ్లాసు నిండా నీళ్ళు తీసుకెళ్ళండి. పైనుంచి నీళ్ళలోంచి వాలుగా గ్లాసు పక్కగోడని చూస్తే అది వెండిరేకులా మెరుస్తుంది, అవతల పట్టుకున్న వేలు కనబడదు. ఇప్పుడు కాస్త తడి వేలితో బయటనుంచి గట్టిగా నొక్కండి. వేలిముద్ర గీతలు ఒక్కొక్కటే తేలతాయి, గీతల మధ్య పల్లాలు మాత్రం వెండిలాగే ఉంటాయి. గాజు నుంచి వెనక్కి తిరిగిపోయే కాంతి కూడా బయటి గాలిలోకి కొద్దిగా చొరబడి సన్నగిల్లుతుంది. చర్మం దానికి అందేంత దగ్గరకొస్తే కాంతి దాటిపోతుంది. గణితం ఇంచుమించు అదే.

రేడియోధార్మిక కేంద్రకం నుంచి ఆల్ఫా కణం బయటపడేదీ ఇలా గోడ దాటే. దానికి యురేనియం 238, పొలోనియం 212 పోల్చి చూపించండి. ఆల్ఫా కణం ఎనర్జీ మొదటిదానిలో 4.2, రెండోదానిలో 8.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. తేడా రెండింతలే. కానీ హాఫ్ లైఫ్ (సగం కేంద్రకాలు విచ్ఛిన్నమయ్యే కాలం) మొదటిదానికి దాదాపు 450 కోట్ల ఏళ్ళు, రెండోదానికి సెకనులో పది లక్షల వంతులో మూడో వంతు కూడా లేదు. 1928లో గామోవ్ ఒకవైపు, గర్నీ, కాండన్ ఇంకోవైపు ఈ లెక్క తేల్చారు. నలభై ఏళ్ళకి పైగా పాఠం చెప్పాను. బోర్డు మీద ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరించేది.

జవాబు: చిప్ డిజైన్, బెంగళూరు (మాది పటమట)

మాస్టారూ, నమస్తే. మేడమ్, పిల్లల జేబుల్లో ఉండే పెన్‌డ్రైవ్ చూపించండి. అందులో సమాచారమంటే ఇన్సులేటర్ మధ్య చిక్కుకున్న ఎలక్ట్రాన్లు. కొన్ని నానోమీటర్ల మందం ఉన్న ఆక్సైడ్ పొరని వోల్టేజ్‌తో వంచితే అవి టన్నెల్ చేసి దాటతాయి. చెరపడం అంటే ఇదే. 2025 ఫిజిక్స్ నోబెల్ కూడా క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకి ఎలక్ట్రిక్ సర్క్యూట్‌లో టన్నెలింగ్ చూపినందుకే వచ్చింది.

ట్యూషన్ టీచర్:

మాస్టారూ, మీకు వెయ్యి దండాలు. క్లాసు మొదట్లోనే "బుధవారం చెప్పిన అప్పు మాట కొట్టేయండి" అన్నాను. గ్లాసు చేతులు మారుతూ అరగంట తిరిగింది. ఆ అమ్మాయి బొటనవేలు నొక్కి, తీసి, మళ్ళీ నొక్కి చూసింది.

తర్వాత లెక్క చేయించాను. గోడ ఎత్తు 2 ఎలక్ట్రాన్ వోల్టులు, ఎనర్జీ 1, మందం 1 నానోమీటరు. ఎలక్ట్రాన్‌కి దాటే అవకాశం పదివేలలో ఒకటి కన్నా కొంచెం ఎక్కువ వచ్చింది. "ప్రోటాన్ పెడితే, మేడమ్?" అంది తనే. ద్రవ్యరాశి 1836 రెట్లు పెట్టి నొక్కింది, కాల్క్యులేటర్ సున్నా చూపించింది. సున్నా కాదమ్మా, చేత్తో చెయ్యి అన్నాను. లాగరిథమ్ వేసి, పాయింట్ తర్వాత 190 సున్నాలు దాటాకే మొదటి అంకె వస్తుందని తేల్చింది. ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.