ఇంటి విత్తనం జీన్‌బ్యాంకుకి ఇచ్చేస్తే సరిపోతుందా? మీ అనుభవం చెప్పండి

చెలక_కోడలు:
మాది జహీరాబాద్ దగ్గర ఎర్ర చెలక. అత్తమ్మ పోయాక విత్తనం సంగతి నా మీద పడింది. పచ్చ జొన్న, కొర్ర, సామ, ఎర్ర కంది, అనుము... కుండల్లో బూడిద, వేపాకు కలిపి, మూతికి పేడ మెత్తి ఉన్నాయి. మా మరిదేమో పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ జీన్‌బ్యాంకుకి (విత్తనాలు చల్లగా దాచే చోటు) ఇచ్చేద్దాం, అక్కడైతే భద్రం, మనకెందుకు టెన్షన్ అంటున్నాడు. ఇస్తే చాలా? ఏటా వేస్తూనే ఉండాలా?

గింజల_మాస్టారు:
అమ్మా, విత్తనాల నిల్వ పనిలోనే రిటైరయినవాణ్ణి. ముందు ఇవ్వండి. ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, చిరుధాన్యాలవి 1.2 లక్షలకు పైగా నమూనాలున్నాయి. దీర్ఘకాలం దాచేవి మైనస్ 20 డిగ్రీల్లో ఉంటాయి. ఒక ఏడాది వానలు లేక మీ చేను ఎండినా ఆ గింజ పోదు. రాజేంద్రనగర్‌లో ఎన్‌బీపీజీఆర్ (మొక్కల జన్యువనరులు దాచే జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది, అక్కడా అడగండి.

అలాగని వేయడం మాత్రం మానకండి. చల్లటి గదిలో గింజ పెట్టిన నాటికి ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. మీ చెలకలో అయితే కొత్త పురుగునీ, ఆలస్యపు వాననీ ఏటా ఎదుర్కొంటుంది, తట్టుకున్న మొక్కే మళ్లీ విత్తనమవుతుంది. ఇంకోటి, ఏ గింజ ఏ నేలలో ఏ కార్తెలో పడాలో, దేనికి ఏది తోడు పంటో మీ అత్తమ్మకు తెలిసినంత ఏ రిజిస్టర్లోనూ రాసుండదు. గింజతోపాటు అది కూడా రాసి ఇవ్వండి.

డెల్టా_వరి:
మాది కృష్ణా డెల్టా. కొత్త వరి రకాలు స్వర్ణ 1982లో, సాంబ మసూరి 1986లో వచ్చాయి. తాతగారు చెప్పే పాత రకాలు అక్కుళ్లు, కృష్ణ కాటుకలు ఆ తర్వాత మా వైపు చేలల్లో కనబడలేదు. నేను ఒక మడిలో పాత వరి ఒంటి నారు నాటుతున్నాను. ఈనిక మీద బెరుకులు (కలిసిన వేరే రకం మొక్కలు) లాగేసి, మడి నడుమ నుంచి చాలా మొక్కల కంకులు కోస్తాను. బాగున్న ఒక్క మొక్క నుంచే తీస్తే రకంలో ఉన్న వైవిధ్యమంతా పోతుంది.

చేను ఒక్కటే కాదు, గట్టు అవతల కూడా చూడాలంటాను. మా మురుగు కాలువ పక్క గుంటలో అడవి వరి తనంతట మొలుస్తుంది. పొడుగు మీసాలు, ఎర్ర గింజ. పండీ పండకముందే రాలిపోతుంది, అందుకే కలుపని పీకేస్తారు. కానీ ఈ జాతుల్లోనే మనకు కావాల్సిన జన్యువులున్నాయి. ఆసియా వరిని గ్రాసీ స్టంట్ వైరస్ (మొక్కను గడ్డిలా గిడసబార్చే తెగులు) తినేస్తున్నప్పుడు ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు వేలాది రకాలు వెతికితే, ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక అడవి వరి నమూనాలో నిరోధం దొరికింది. మన హైదరాబాద్‌లో సీసీఎంబీ (జీవకణ పరిశోధన సంస్థ), వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో వచ్చింది. దానికి ఎండాకు తెగులు తట్టుకునే జన్యువుల్లో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి తెచ్చినదే. ఇక్కడేమో గుంటలు పూడ్చి ప్లాట్లు వేస్తున్నారు, గట్లకు కాంక్రీటు పోస్తున్నారు, మిగిలినచోట గడ్డిమందు. చూస్తుంటే కడుపు మండుతుంది.

మన్యం_పిల్ల:
డెల్టా అన్న చెప్పింది నిజం. మేం పాడేరు వైపు. పోడులో సామ, చోళ్లు, కొండ కంది, వలిసెలు కలిపే చల్లేవాళ్లం. ఇప్పుడు కాఫీ, సిల్వర్ ఓక్ వచ్చి పోడు తగ్గింది. ఇటుకల పండుగకు ఇంట్లో విత్తనం తీసే అలవాటు ఉంది కాబట్టి కొన్నైనా మిగిలాయి. అడవి దుంప తవ్వినప్పుడు మా పెద్దవాళ్లు పైభాగం ముక్క కోసి అదే గుంటలో పెట్టి మట్టి కప్పుతారు, వచ్చే ఏడాది మళ్లీ తీగ వస్తుంది. సంతకు అమ్మేవాళ్లు ఆ పని చెయ్యడం లేదు. అటవీ శాఖ వాళ్లు, ఊరి సంఘం కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

చెలక_కోడలు:
మాస్టారూ, ఒక డౌట్. మా ఎర్ర కందిలో ఈ మధ్య తెల్ల గింజల చెట్లు వస్తున్నాయి. పక్క చేలో కొన్న విత్తనం వేశారు.

గింజల_మాస్టారు:
తేనెటీగల పనమ్మా అది. వరి చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది, కంది అలా కాదు. వేరే కందికి కనీసం 200 మీటర్ల దూరం చూడండి. కుదరకపోతే పూతకు ముందే కొన్ని చెట్లకు దోమతెర కట్టి, వాటి గింజలే విత్తనానికి ఉంచండి. గట్ల మీద పసుపు పూలు పూసే నూగు కాయల తీగ కనబడితే అడవి కంది అయ్యుండొచ్చు, పీకకండి. కాయతొలుచు పురుగును తట్టుకునే గుణం కోసం శాస్త్రవేత్తలు వెతికేది అలాంటి వాటిలోనే.

నల్లరేగడి:
ఇచ్చే ముందు కాగితాలు కూడా చూసుకో అక్కా. 2001 మొక్కల రకాలు, రైతు హక్కుల రక్షణ చట్టం ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, వేయొచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండ్ వేసి అమ్మకూడదు, అంతే. రైతు రకంగా రిజిస్టర్ చేయించడానికి ఫీజు లేదు. మా ఊరి రకాన్ని ఎవరో తమదని చెప్పుకోకుండా ఉండాలని మేం సంఘం పేరు మీద అప్లై చేశాం. ఒక్కరి పేరు మీద పెడితే ఊళ్లో తగువులొస్తాయి.

చెలక_కోడలు:
అందరికీ దండాలు. మరిదికి ఇదంతా చదివి వినిపించాను. సగం పటాన్‌చెరుకు, సగం చెలకకు అని ఒప్పుకున్నాడు. పచ్చ జొన్న ఎవరికైనా కావాలంటే సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో కలవండి. మా దగ్గర పద్ధతి తెలుసుగా, పండాక తీసుకున్నదానికి రెట్టింపు తిరిగివ్వాలి.

నల్లరేగడి:
నాకు రెండు కిలోలు పక్కన పెట్టక్కా. బదులుగా మా తెల్ల కుసుమ తెస్తాను.