అప్‌డేట్: వేసవిలో పడుగు పోగులు తెగిపోవడానికి కారణం వెంకటగిరిలో తెలిసింది

నా మగ్గం మీద ఎండాకాలంలో నూలు పడుగు (మగ్గం మీద నిలువుగా బిగించే పోగులు) పదేపదే తెగుతోందని, నేత చూడడానికి సెలవుల్లో ఎక్కడికి వెళ్ళవచ్చని ఏప్రిల్‌లో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. 2022లో మన తిరుపతి జిల్లాలో చేరిన వెంకటగిరికి వెళ్ళమన్న సూచనే ఫలించింది. అక్కడ జాందానీ (నేసేటప్పుడే విడి దారాలతో బట్టలో పువ్వులు కూర్చే పద్ధతి) నేసే ఒక పెద్దాయన నేను తీసుకెళ్ళిన పోగులను వేళ్ళ మధ్య నలిపి చూసి, గంజి చాలలేదనీ, పొడిగాలికి నూలు పెళుసెక్కిందనీ చెప్పారు; నేలలో గుంట తవ్వి అమర్చే గుంట మగ్గంలో నేల చెమ్మ పోగును ఎలా కాపాడుతుందో, ఆ గుంటలో కాళ్ళు పెట్టగానే తగిలిన చల్లదనంతో నాకు అర్థమైంది. ఇంటికొచ్చి పడుగుకు పలచని బియ్యపు గంజి పట్టించి, మగ్గం కింద తడిగుడ్డ పరిచాక రెండు గజాల నేతలో ఒక్క పోగే తెగింది. నూలు మార్చవలసిన అవసరం రాలేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టను కరక్కాయ, పాల మిశ్రమంలో నానబెట్టడం తప్పక చూడదగినదే గానీ, ఈ సమస్యకు దానితో సంబంధం లేదు.