స్పానిష్‌లో ‘దెలీతో’, ‘క్రీమెన్’ రెండూ నేరమేనా?

ప్రశ్న
నేరం అనే మాటకు పాఠ్యపుస్తకంలో ‘దెలీతో’ అని ఉంది. ఇంగ్లీషు క్రైమ్‌ను పోలిన ‘క్రీమెన్’ కూడా ఉంది కదా, ఏది ఎక్కడ వాడాలి? ఇంకొకటి, ఒక సంభాషణలో ‘ఎస్తో త్యేనె దెలీతో’ అని వచ్చింది. ‘దీనికి నేరం ఉంది’ అనుకుంటే అర్థం కుదరడం లేదు. స్పెయిన్ వాడుక తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు 1
రెండూ ఒకటి కాదండి. చట్టం శిక్ష వేసే తప్పు ఏదైనా దెలీతోనే. స్పెయిన్ 1995 శిక్షాస్మృతి పదో అధికరణం చెప్పేది ఇదే: కావాలని చేసినా, అజాగ్రత్త వల్ల జరిగినా, చేయాల్సింది చేయకుండా వదిలేసినా, దానికి చట్టంలో శిక్ష ఉంటే అది దెలీతో. దస్తావేజు ఫోర్జరీ నుంచి హత్య దాకా అన్నీ ఇందులోకే వస్తాయి.

‘క్రీమెన్’ అనగానే మాత్రం అక్కడివాళ్లకు ముందు తట్టేది హత్య. పర్సు పోయినదానికి ఆ మాట వాడితే ఎవరు చనిపోయారని అడుగుతారు. వ్యవస్థీకృత నేరాలు, యుద్ధ నేరాలు లాంటి స్థిరపడిన పదబంధాల్లో క్రీమెన్ ఉంటుంది, దాన్ని మార్చకండి. దేశాన్ని బట్టి తేడా కూడా ఉంది: చిలీ 1874 శిక్షాస్మృతిలో ఘోర నేరాల తరగతికే క్రీమెన్ అని పేరు.

పాత పుస్తకాల్లో చిన్న నేరానికి ‘ఫాల్తా’ అని కనిపిస్తుంది. 2015 జూలై 1 నుంచి స్పెయిన్ శిక్షాస్మృతిలో ఆ తరగతి లేదు. కొన్నింటిని నేరాల జాబితాలోంచే తీసేశారు, చాలావాటిని ‘దెలీతో లేవే’, అంటే తేలికపాటి నేరం కిందికి తెచ్చారు. ఇప్పుడు ఫాల్తా అంటే ఫుట్‌బాల్‌లో ఫౌల్, రాతలో అక్షరదోషం.

జవాబు 2
పోలీసు ఫిర్యాదు రాసేటప్పుడు ఎక్కువమంది తడబడేది దొంగతనం దగ్గర. బల్ల మీద పెట్టిన ఫోను ఎవరో తీసుకుపోతే అది ‘ఊర్తో’. కారు అద్దం పగలగొట్టి తీసినా, కత్తి చూపించి లాక్కున్నా ‘రోబో’. ఊర్తోలో పోయిన వస్తువు విలువ 400 యూరోలు దాటకపోతే సాధారణంగా దెలీతో లేవే అవుతుంది, శిక్ష జరిమానా. రోబోకు ఆ 400 యూరోల మినహాయింపు లేదు. అందుకే తాళం పగిలిందా, బెదిరించారా అన్నది ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. మామూలు మాటల్లో అయితే ‘మె ఆన్ రొబాదో ఎల్ మోవిల్’ (నా ఫోను ఎత్తుకుపోయారు) అంటే చాలు, రెండింటికీ చెల్లుతుంది.

పత్రికల్లో ‘దెలీతో కోంత్రా లా సలూద్ పూబ్లికా’ చూసి ఆసుపత్రి వ్యవహారం అనుకోకండి. మాట ప్రకారం ప్రజారోగ్యంపై నేరమే, కానీ వార్తల్లో ఎక్కువగా మాదకద్రవ్యాల కేసు అని అర్థం.

జవాబు 3
‘త్యేనె దెలీతో’ అంటే ‘ఇది మరీ ఘోరం’, ‘ఇంత అన్యాయమా’ అని. కోర్టుతో పని లేదు, ఒళ్లు మండినప్పుడు ఇంట్లోవాళ్ల మీద కూడా వాడతారు. మధ్యలో ‘ఉన్’ (ఒక) పెట్టకూడదు, పెడితే ఈ అర్థం పోతుంది. తర్వాత ‘కె’ (అని) వస్తే క్రియ సబ్జంక్టివ్‌లోకి, అంటే మన భావన, స్పందన తెలిపే క్రియారూపంలోకి మారాలి: ‘త్యేనె దెలీతో కె నో లో సేపాస్’, అంటే నీకు ఆ సంగతి తెలియకపోవడం మరీ ఘోరం. ఇక్కడ మామూలు రూపం ‘సాబెస్’ అనేయడం తరచూ జరిగే పొరపాటు.

‘ప్రెగున్తార్ నో ఎస్ నింగూన్ దెలీతో’ అయితే అచ్చం మన ‘అడగడం నేరమేమీ కాదు’. నేను నేరం చేశాను అనడానికి ‘తేంగో’ (నాకు ఉంది) కుదరదు, ‘కొమెతేర్’ (నేరం, తప్పు చేయడం) క్రియ కావాలి. గ్లాసు పగిలినప్పుడు ‘తప్పు నాదే’ అనాలంటే దెలీతో అసలు పనికిరాదు, ‘ఫ్వే కూల్పా మీయా’ అనాలి. పాపానికి ‘పెకాదో’ వేరే ఉంది.

ప్రశ్న అడిగినవారు
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఉచ్చారణ ‘డెలిటో’నా, ‘దెలీతో’నా?

జవాబు 3
ద, త లేనండి, నాలుక పళ్లకు తగలాలి. ఇంగ్లీషు అలవాటుతో డ, ట పలకొద్దు. ఒత్తు ‘లీ’ మీద. చివరి ‘తో’ను సాగదీయకుండా పొట్టిగా వదిలేయండి.