అప్‌డేట్: మా అమ్మాయి ఓబో ఇప్పుడు బాతులా అరవడం లేదు

పోయిన నెల నేనడిగిన ప్రశ్న ఇది: ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాం, పన్నెండేళ్ల మా అమ్మాయి ఓబో అనే పాశ్చాత్య ఊదుడు వాద్యం మొదలుపెట్టింది, ఎంత ఊదినా బాతు అరుపే వస్తోంది, వాద్యం మార్పించాలా అని. మార్పించలేదు. తప్పు వాద్యానిది కాదు, దాని కొసన పెదాల మధ్య పెట్టుకుని ఊదే రీడ్‌ది. కొంత నాది కూడా.

మీలో ఒకరు చెప్పినట్టే బ్రిటిష్ డబుల్ రీడ్ సొసైటీలో చేరాం. ఓబో, దానికంటే మంద్రంగా పలికే బసూన్ వాయించేవారి జాతీయ సంఘమది. ఊదడం రాని నాలాంటి అభిమానులకూ చోటుంది. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన రీడ్‌ను విడిగా ఊది చూసి, "ఇది పిల్లలకు మరీ గట్టిది" అన్నారు. దుకాణం వారు "ఇదే మంచిది" అని అంటగట్టింది మరి!

రెండు పలుచని రెల్లు చీలికలను చిన్న లోహపు గొట్టానికి దారంతో కట్టి చేస్తారు రీడ్‌ను. వాయించే ముందు ఒకటి రెండు నిమిషాలు నీటిలో నానబెట్టాలి. మేమేమో ఎండు రీడ్‌తోనే ఊదిస్తున్నాం!

అమెరికా నుంచి పాత ఓబో తెప్పించుకునే ఆలోచన కూడా మానుకున్నాం. బ్రిటన్‌లో ఎక్కువమంది నేర్చుకునే థంబ్‌ప్లేట్ (బొటనవేలితో నొక్కే అదనపు మీట) పద్ధతి అక్కడి వాద్యాల్లో సాధారణంగా ఉండదట.

నాదస్వరానిదీ జంట రీడే అని నాన్నగారికి ఫోనులో చెబితే, "అయితే పెళ్లిళ్లకు ఎప్పుడు వాయిస్తుంది?" అన్నారు.

ఆర్కెస్ట్రా మొత్తం శ్రుతి చేసుకునేది ఓబో పలికే 'ఏ' స్వరానికే. నిన్న మా అమ్మాయి దాన్ని పది సెకన్లు నిలిపింది. మా కుక్క మాత్రం ఇంకా గదిలోంచి లేచి వెళ్లిపోతూనే ఉంది.