టైప్ 2 షుగర్‌లో బీటా సెల్స్ చచ్చిపోతున్నాయా, బీటా సెల్స్‌గా ఉండడం మానేస్తున్నాయా?

క్లోమం_కబుర్లు:
టైప్ 2లో క్లోమంలోని బీటా సెల్స్ ఇన్సులిన్ చేసి చేసి అలిసిపోయి చచ్చిపోతాయని ఇప్పటికీ క్లాసుల్లో చెప్తున్నారు. నాకైతే అది సగం నిజమే అనిపిస్తోంది. 2012లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో డొమెనికో అచిల్లి టీమ్ ఎలుకల బీటా సెల్స్‌లోంచి ఫాక్సో1 అనే జీన్ తీసేసింది. మొదట్లో పెద్ద తేడా లేదు, కానీ వయసు పైబడ్డ మగ ఎలుకలకీ ఎక్కువ కాన్పులైన ఆడ ఎలుకలకీ షుగర్ పెరిగిపోయింది. బీటా సెల్స్‌కి చెరగని గుర్తు ఒకటి ముందే పెట్టి ఉంచారు కాబట్టి వెతికితే దొరికాయి, చావలేదు, అక్కడే ఉన్నాయి, లోపల ఇన్సులిన్ మాత్రం లేదు. పైగా పిండదశలో పనిచేసే న్యూరోజెనిన్3 లాంటి జీన్లు మళ్ళీ ఆన్ అయ్యాయి, కొన్నైతే షుగర్ పెంచే గ్లూకగాన్ హార్మోన్ చేసే ఆల్ఫా సెల్స్‌లా తయారయ్యాయి. చావు కన్నా ముందు గుర్తింపు పోతుందని నా వాదన. మీరేమంటారు?

స్లైడ్_బాక్స్:
ఎలుకలో జీన్ పీకేస్తే జరిగింది మనిషిలోనూ అలాగే జరుగుతుందనుకోవడం తొందరపాటండి. 2003లో పీటర్ బట్లర్ గ్రూప్ 124 మంది పోస్ట్‌మార్టం క్లోమాలు చూసింది. లావుగా ఉండి షుగర్ ఉన్నవాళ్ళలో బీటా సెల్స్ మొత్తం పరిమాణం, అంతే లావుగా ఉండి షుగర్ లేనివాళ్ళకంటే 63 శాతం తక్కువ, అపోప్టోసిస్ (కణం తనను తానే చంపుకోవడం) కూడా ఎక్కువ. ఇది మనిషి కణజాలంలో కళ్ళతో చూసింది.

పాలమూరు_పోరడు:
నేను సైన్సోన్ని కాదన్నా, మా నాయినకు షుగరుంది గాబట్టి చదువుతున్న. ఒక్క డౌటు, బీటా సెల్ అని స్లైడ్ మీద దేన్ని చూసి గుర్తుపడ్తరు?

క్లోమం_కబుర్లు:
తమ్ముడూ అసలు ప్రశ్న నువ్వే అడిగావు. ఇన్సులిన్‌కి రంగు పట్టించి చూస్తారు! అంటే ఇన్సులిన్ చేయడం మానేసిన సెల్ బతికున్నా లెక్కలోకి రాదు, ఓటరు కార్డు చూపించలేదని బతికున్న మనిషిని చనిపోయినవాళ్ళ లిస్టులో రాసినట్టు. అందుకే 2016లో అచిల్లి వాళ్ళు, ఇటలీ వాళ్ళు కలిసి 15 మంది షుగర్ ఉన్న డోనర్లు, 15 మంది లేనివాళ్ళ క్లోమాల్లో సినాప్టోఫైసిన్ అనే ఇంకో గుర్తు పట్టుకుని వెతికారు, ఇది హార్మోన్ ఉన్నా లేకున్నా హార్మోన్లు చేసే (ఎండోక్రైన్) సెల్స్‌లో ఉంటుంది. ఏ హార్మోనూ లేని ఖాళీ సెల్స్ షుగర్ ఉన్నవాళ్ళలో దాదాపు 32 శాతం, లేనివాళ్ళలో 9.

సిగ్నలింగ్ వైపు నుంచి కూడా ఇది అర్థమయ్యే విషయమే. మామూలుగా ఇన్సులిన్ సిగ్నల్ వస్తే ఏకేటీ ఎంజైమ్ ఫాక్సో1 ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించి న్యూక్లియస్ బయటికి పంపేస్తుంది. షుగర్ పెరిగి సెల్ మీద ఒత్తిడి పడితే ఫాక్సో1 తిరిగి లోపలికెళ్ళి మాఫ్ఏ, న్యూరోడీ అనే ప్రోటీన్లని నిలబెడుతుంది, బీటా సెల్ బీటా సెల్‌గా ఉండేది వాటి వల్లే. ఒత్తిడి తగ్గకుండా సాగుతూనే ఉంటే చివరికి ఫాక్సో1 ప్రోటీనే తరిగిపోతుంది, ఇక ఆపేవాళ్ళు లేరు.

స్లైడ్_బాక్స్:
ఓటరు లిస్టు మాట ఒప్పుకుంటాను, కానీ అదే 2016లో బట్లర్ గ్రూప్ కూడా హార్మోన్ లేని సెల్స్‌ని లెక్కపెట్టింది. పెరిగాయి, కాకపోతే తగ్గిన బీటా సెల్స్ లోటు పూడ్చేంత లేవు. ఇంకోటి, మనిషిలో ముందే గుర్తు పెట్టి వెంబడించలేం కదా. ఆ ఖాళీ సెల్ ఇన్సులిన్ పోగొట్టుకున్న పాతదా, ఇంకా ఇన్సులిన్ మొదలుపెట్టని కొత్తదా? ఒక్క స్లైడ్ చూసి ఎవరూ చెప్పలేరు.

వార్డ్_రౌండ్:
ఇద్దరూ స్లైడ్ దగ్గరే ఆగిపోయారు, చికిత్స వైపు చూడండి. 2014లో సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు షుగర్ బాగా పెరిగి గుర్తింపు పోయిన ఎలుకలకి ఇన్సులిన్ ఇచ్చి షుగర్ దించితే ఆ సెల్సే మళ్ళీ ఇన్సులిన్ చేశాయి. చచ్చినవైతే తిరిగిరావు. మనుషుల్లో బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ ట్రయల్ ఉంది, షుగర్ బయటపడి 6 ఏళ్ళు దాటనివాళ్ళని రోజుకి సుమారు 850 క్యాలరీల మీద కొన్ని నెలలు ఉంచితే ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకొచ్చింది, 15 కిలోలు, అంతకుపైన తగ్గినవాళ్ళలో 86 శాతం. అది గుర్తింపు తిరిగి రావడమేనని ఆ ట్రయల్ నిరూపించలేదు, లివర్‌లో క్లోమంలో కొవ్వు తగ్గడం కూడా ఉంది, కానీ సెల్స్ చాలావరకు చచ్చిపోయి ఉంటే ఇంత సాధ్యమయ్యేదా? నేను క్లోమం గారి వైపే.

స్లైడ్_బాక్స్:
అక్కడ ఒప్పుకుంటా డాక్టర్ గారూ, తొలి ఏళ్ళ వరకు. ఇరవై ఏళ్ళ షుగర్‌కి కూడా ఇదే చెప్తే మాత్రం నేను ఒప్పుకోను.

పాలమూరు_పోరడు:
సార్, ఆల్ఫా సెల్స్‌ను బీటా సెల్స్ చేస్తదని ఆన్‌లైన్ల గాబా క్యాప్సూల్స్ అమ్ముతున్నరు, మా నాయినకు తెప్పిద్దామనుకుంటున్న.

వార్డ్_రౌండ్:
వద్దు నాన్నా. 2017లో గాబా (నరాల మధ్య సంకేతాలు మోసే రసాయనం) గురించి ఒకటి, మలేరియా మందు ఆర్టిమెథర్ గురించి ఒకటి పెద్ద పేపర్లు వచ్చిన మాట నిజమే, మరుసటి ఏడాదే వేరే ల్యాబ్‌లు ఆల్ఫా సెల్స్‌కి గుర్తు పెట్టి మరీ చేసి చూస్తే బీటా సెల్స్‌గా మారనే లేదు. ఎలుకల్లోనే తేలని దాన్ని మీ నాన్నగారి మీద ప్రయత్నించొద్దు. ఆయనకి షుగర్ ఎన్నేళ్ళ నుంచి ఉంది, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) ఎంత? అవి పట్టుకుని ఆయన డాక్టర్‌ని బరువు తగ్గించే డైట్ గురించి అడుగు. సొంతంగా మాత్రలు మాత్రం ఆపొద్దు, ఇన్సులిన్ వాడుతుంటే అసలే ఆపొద్దు.