జప్తు అన్న ఒక్క మాట చాలుతుందా?

శ్రీకాకుళం నుంచి, చరిత్ర అధ్యాపకురాలు:

మాస్టారూ, నమస్కారం. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జరిగిన అంతర్యుద్ధం మీద డిగ్రీ విద్యార్థుల కోసం తెలుగులో పాఠం రాస్తున్నాను. రాజు పక్షాన నిలిచినవారి ఎస్టేట్లను పార్లమెంటు పట్టుకున్న సంగతి చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు సీక్వెస్ట్రేషన్, కాన్‌ఫిస్కేషన్ అని రెండు మాటలు వాడుతున్నాయి. నా దగ్గరున్న నిఘంటువులు రెండింటికీ జప్తు అనే అర్థమిస్తున్నాయి. రెండు చోట్లా అదే వేస్తే "జప్తు చేసిన భూములను కొన్నేళ్లకు జప్తు చేశారు" అన్న వాక్యం వస్తోంది. పిల్లలు నవ్వుతారు. ఏం చేయమంటారు?

విజయనగరం నుంచి:

అమ్మా, ఆ రెండు పనులూ నిజంగానే ఒకదాని తరువాత ఒకటి జరిగాయి కనుక మీ వాక్యంలో చరిత్ర తప్పలేదు. మనమే ఈమధ్య జప్తు అన్న మాటను దాని పొలిమేర దాటించి వాడుతున్నాము.

ఈ మాట అరబ్బీ జబ్త్ నుంచి పారశీకం మీదుగా మనకు వచ్చింది. పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం దాని మూలార్థం. ఉర్దూలో పొంగివచ్చే దుఃఖాన్ని లోపలే ఆపుకోవడాన్ని కూడా జబ్త్ అంటారు. అక్బరు కాలంలో పొలాలను కొలిచి శిస్తు నిర్ణయించే పద్ధతికి జబ్తీ అని పేరు. ఈ వాడుకలు దేనిలోనూ వస్తువు చేతులు మారలేదు. దుఃఖం పడినవారిదే, పొలం దున్నినవారిదే.

మా చిన్నతనంలో పాలకొండ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఒక జప్తు చూశాను. కోర్టు అమీనా వచ్చి, ఊరి మధ్య టముకు వేయించి, బాకీ పడిన రైతు మడిగట్టున తాటిచెట్టుకు ఒక కాగితం అంటించి వెళ్లిపోయాడు. భూమి పోయిందని ఆ ఇంటి ఆడవాళ్లు ఏడ్చారు. అయితే అవి ఉభాల రోజులు కావడం వల్ల మరునాడే ఆ మడిలోకి ఆకుకట్టలు దిగాయి, ఆ రైతే నాట్లు వేయించాడు. "జప్తులో ఉంది గానీ మనదే" అని మా తాతగారు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. సివిల్ కోర్టు జప్తు చేసేది అంతే: యజమాని ఆ ఆస్తిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. హక్కు పోవాలంటే ఆ తరువాత వేలం పాట జరగాలి, కోర్టు ఆ పాటను ఖాయం చేయాలి.

తాతగారి వాక్యంలోని "లో" అన్న విభక్తిని గమనించండి. జప్తులో ఉన్న భూమి ఒక స్థితిలో ఉన్న భూమి. అందులోనుంచి బయటికి రాగలదు. హక్కే పోయినప్పుడు మన పల్లెల్లో "సర్కారు పరమైంది" అంటారు. పరం అంటే ఇతరులది అని అర్థం కనుక ఆ మాటలో తిరుగుదారి లేదు. మీరు వెతుకుతున్న రెండు మాటలూ ఇక్కడే ఉన్నాయి. ధర్మశాస్త్రాలలో దండనగా కనిపించే సర్వస్వహరణం కూడా రెండో అర్థానికే చెందుతుంది గానీ పాఠంలో అది బరువుగా ఉంటుంది.

ఇంగ్లీషు మాటల పుట్టుక కూడా దీనినే బలపరుస్తోంది. లాటినులో సీక్వెస్టర్ అంటే తగాదాలో ఉన్న వస్తువును ఇరుపక్షాలూ నమ్మి ఎవరి చేతిలో పెడతాయో ఆ మధ్యవర్తి. కాన్‌ఫిస్కేషన్‌లో ఉన్న ఫిస్కస్‌కు మొదటి అర్థం డబ్బు దాచుకునే బుట్ట, తరువాతి అర్థం చక్రవర్తి ఖజానా. ఒక మాటలో వస్తువు మధ్యవర్తి చేతిలో ఉంది, రెండో మాటలో దొరవారి బుట్టలో పడింది.

ఇప్పుడు మీ పాఠానికి వస్తాను. 1643 మార్చిలో పార్లమెంటు చేసిన శాసనం ప్రకారం, రాజు తరఫున ఆయుధం పట్టినవారి ఎస్టేట్లను జిల్లా కమిటీలు తమ చేతిలోకి తీసుకున్నాయి. రైతులు ఎప్పటిలాగే కౌలు చెల్లించారు, ఆ కౌలు మాత్రం యజమానికి కాక కమిటీకి చేరింది. యజమాని భార్యాపిల్లల పోషణకు రాబడిలో అయిదో వంతు దాకా విడిచిపెట్టే ఏర్పాటు కూడా ఉండేది. ఇది అక్షరాలా జప్తు. ఆ యజమాని లండన్‌లోని కంసాలుల సంఘ భవనంలో కూర్చున్న కమిటీ ముందు హాజరై, ఆస్తి వివరాలన్నీ ప్రమాణం చేసి చెప్పి, నేరం తీవ్రతను బట్టి విలువలో కొంత వంతు సొమ్ము కడితే, ఎస్టేటు జప్తులోనుంచి విడుదలయ్యేది. ఇంగ్లీషులో కాంపౌండింగ్ అనే ఆ పనికి "రాజీ రుసుము" అని రాయకండి. కులపంచాయితీలో పెద్దలు తప్పు వేస్తే కట్టినట్టు, వాళ్లు "తప్పు కట్టి విడిపించుకున్నారు".

అలా విడిపించుకోలేనివారి భూములను, విడిపించుకునే అవకాశం ఇవ్వకూడదని పార్లమెంటు నిర్ణయించినవారి భూములను, 1651, 1652 సంవత్సరాలలో చేసిన చట్టాలలో 700 మందికి పైగా పేర్లు రాసి అమ్మకానికి పెట్టారు. ఇది సర్కారు పరం కావడం.

విజయనగరం నుంచి, మరొక సభ్యుడు:

మాస్టారి వివరణ బాగుంది గానీ వాడుక అలా లేదు. "ఆస్తుల జప్తు" అని పత్రికలు రెండింటికీ రాస్తున్నాయి, అందరికీ అర్థమవుతోంది. జనం కలిపేసిన మాటలను పాఠం కోసం విడదీయడం కృత్రిమం కాదా? కావాలంటే "స్వాధీనం చేసుకున్నారు" అనవచ్చు కదా.

విజయనగరం నుంచి, మొదట సమాధానమిచ్చినవారు:

బాబూ, స్వాధీనం ఇంకా పెద్ద చిక్కు. మన క్రయపత్రాలలో "హక్కు" వేరే పలుకుతుంది, "స్వాధీనం" వేరే పలుకుతుంది. భూమి చేతికి అప్పగించడమే స్వాధీనం. హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఆ మాట జవాబు చెప్పదు, ఇక్కడ ప్రశ్న అంతా హక్కుదే.

జనం కలిపేశారన్న మాట కూడా పూర్తిగా ఒప్పుకోలేను, ఎందుకంటే మన ప్రాంతమే ఈ రెండింటినీ అనుభవించింది. పేష్కషు, అంటే జమీందారు కట్టవలసిన కప్పం, బకాయి పడిందన్న పేరుతో ఈస్టిండియా కంపెనీ 1793లో విజయనగరం జమీను పట్టుకుంది. 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు మరణించిన తరువాత, ఆయన కుమారుడు నారాయణ బాబుకు దానిని కొంత తగ్గించి తిరిగి ఇచ్చింది. 1830లలో తిరుగుబాటు నేరం మోపబడిన పాలకొండ జమీందారీ మాత్రం ఆ కుటుంబానికి తిరిగి రాలేదు; కంపెనీ పరమై, తరువాత అర్బత్‌నాట్ అనే మద్రాసు వ్యాపార సంస్థకు కౌలుకు పోయింది. ఈ రెండింటికీ ఒకే మాట వాడితే పాలకొండకు జరిగినది మన భాషలో కనిపించకుండా పోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

ఇంగ్లండులో ఈ తేడా ఎంత దూరం పోయిందో చూడండి. రాజు లేని పాలన ముగిసి 1660లో రాజు తిరిగి వచ్చినప్పుడు, ప్రభుత్వం లాక్కుని అమ్మిన భూములను పాత యజమానులు తిరిగి రాబట్టుకోగలిగారు. తప్పు కట్టడానికి డబ్బు లేక తమ భూమిని తామే సంతకం చేసి అమ్ముకున్నవారికి మాత్రం అది దక్కలేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అది ఇష్టపూర్వకమైన విక్రయం. ఇద్దరూ ఒకే యుద్ధంలో ఒకే పక్షాన ఓడినవారు. మెడ మీద కత్తి ఉన్నప్పుడు చేసిన సంతకం వాళ్ల పేరనే మిగిలిపోయింది.

అమెరికా అంతర్యుద్ధంలో మూడో దారి ఒకటి కనిపిస్తుంది. దేశద్రోహానికి ఆస్తి పోయినా అది నేరస్థుడి జీవితకాలానికే పరిమితమని వారి రాజ్యాంగం చెబుతుంది కనుక, 1862 నాటి చట్టం కింద పట్టుకున్న భూముల మీద వారసుల హక్కు పోకుండా చూడాలని అధ్యక్షుడు లింకన్ పట్టుబట్టాడు. అదే యుద్ధంలో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ భార్యకు చెందిన ఆర్లింగ్టన్ ఎస్టేటును పన్ను బకాయి కింద తీసుకున్నారు. బకాయి 92 డాలర్ల 7 సెంట్లు. బంధువు ఒకరు కట్టబోతే యజమానురాలు స్వయంగా రావాలని తిప్పిపంపి, 1864 జనవరిలో వేలం వేసి, 26,800 డాలర్లకు ప్రభుత్వమే పాడుకుని, ఆ నేలలో సైనికులను ఖననం చేసింది. 1882లో సుప్రీంకోర్టు లీ కొడుకు పక్షాన తీర్పు చెప్పిన తరువాత 1,50,000 డాలర్లు చెల్లించి దానిని కొనుక్కోవలసి వచ్చింది. దీనికి జప్తు అనీ అనకూడదు, సర్కారు పరం అనీ అనకూడదు. "బకాయి వేలంలో పాడుకున్నారు" అనాలి.

స్పెయినులో అంతర్యుద్ధం ముగుస్తున్న 1939 ఫిబ్రవరిలో వచ్చిన రాజకీయ బాధ్యతల చట్టం 1934 అక్టోబరు దాకా వెనక్కి వెళ్లి, చనిపోయినవారి మీద కూడా విచారణ జరిపి, జరిమానాను వారి ఆస్తి మీద, వారసుల మీద వేసింది. ఆ భాషలో వేలానికి సుబాస్తా అని పేరు. ఓడినవారి సొత్తును నేలలో పాతిన ఈటె కింద అమ్మిన రోమనుల అలవాటు నుంచి "ఈటె కింద" అన్న ఆ మాట పుట్టింది.

శ్రీకాకుళం నుంచి, చరిత్ర అధ్యాపకురాలు:

కృతజ్ఞతలు మాస్టారూ. వాక్యం ఇలా మార్చాను: "ఎనిమిదేళ్ల పాటు జప్తులో ఉన్న ఎస్టేట్లలో, తప్పు కట్టి విడిపించుకోలేనివారివి 1651 నుంచి సర్కారు పరమయ్యాయి."

విజయనగరం నుంచి, సమాధానమిచ్చినవారు:

బాగుంది అమ్మా. "విడిపించుకోలేనివారివి" తరువాత "పార్లమెంటు విడిపించుకోనివ్వనివారివి" అని కూడా చేర్చండి. "ఎనిమిదేళ్ల పాటు" అన్నది తీసేయండి, అన్ని ఎస్టేట్లనూ 1643లోనే పట్టుకోలేదు.