హొక్కైడో సహజ వైట్ వైన్: పరిమళం ద్రాక్షదా, చలిదా, పద్ధతిదా?

టోక్యో_ప్రవాసి:
అందరికీ నమస్కారం. జపాన్ ఉత్తర ద్వీపమైన హొక్కైడోలోని యోయిచి అనే ఊళ్లో పండిన కెర్నర్ ద్రాక్షతో చేసిన సహజ (బయటి పదార్థాలు దాదాపు కలపని) వైట్ వైన్ ఒకటి ఇటీవల కొన్నాను. గ్లాసులో పోయగానే తెల్లపూలు, నారింజ తొక్క గుర్తుకు వచ్చేంత పరిమళం గుప్పుమంది, కానీ రుచిలో తీపి ఏమాత్రం లేదు, పులుపు మాత్రం గట్టిగా ఉంది. వైన్ కాస్త మసకగా ఉండి, నాలుక మీద సన్నగా చురుక్కుమంటోంది. ఈ పరిమళానికి కారణం సహజ పద్ధతేనా? ఆ మసక, చురుకు వైన్ పాడైందనడానికి గుర్తులా?

ద్రాక్షతీగ:
పరిమళానికి మూలం ప్రధానంగా ద్రాక్ష రకమే. కెర్నర్‌ను 1929లో జర్మనీలోని వైన్స్‌బెర్గ్ ద్రాక్ష పరిశోధన సంస్థలో ట్రోలింగర్ అనే ఎర్ర ద్రాక్షను రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో సంకరం చేసి సృష్టించారు. దానికి పెట్టిన పేరు ఆ ఊళ్లోనే నివసించి మధుపాన గీతాలు రాసిన వైద్యకవి యుస్టినస్ కెర్నర్‌ది. పూలవాసన రీస్లింగ్ నుంచి వచ్చిన వారసత్వం.

చలి చేసే పని వేరు. వేడి ప్రాంతాలలో పండు మాగేకొద్దీ పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం వేగంగా ఖర్చయిపోతుంది, చల్లని రాత్రులున్న చోట అది నిలిచి ఉంటుంది కనుకనే మీకు గట్టి పులుపు తగిలింది. పైగా జపాన్ ప్రధాన ద్వీపమైన హోన్షూను ముంచెత్తే జూన్, జూలై వానల కాలం హొక్కైడోలో దాదాపు లేకపోవడం వల్ల బూజు తెగుళ్ల ఒత్తిడి తగ్గుతుంది, అందువల్ల మందులు తగ్గించి సాగు చేయాలనుకునేవారికి అక్కడ కొంత వీలు చిక్కుతుంది. శీతాకాలాన్ని దాటించడమే అసలు కష్టం. హొక్కైడోలో మంచు దట్టంగా కురిసే సొరాచి వంటి చోట్ల తీగలను ముందే ఏటవాలుగా పెంచి, కోత తరువాత నేలకు వంచి పడుకోబెడతారు. పైన గాలి ఎంత గడ్డకట్టించినా, మంచు దుప్పటి కింద మొగ్గలు బతికిపోతాయి.

పులియబెట్టేవాడు:
ద్రాక్షతీగ గారి మాటకు ఒక సవరణ అవసరమని నా అభిప్రాయం. పూలవాసననిచ్చే లినలూల్, జెరానియోల్ వంటి టెర్పీన్లలో (సువాసన పదార్థాలలో) చాలా భాగం పండులో చక్కెరతో ముడిపడి, ఏ వాసనా లేకుండా ఉంటుంది. పులిసేటప్పుడు ఎంజైములు ఆ ముడిని కొంత విప్పుతాయి, తొక్కలతో కొన్ని గంటలు నానబెట్టినా రసంలోకి మరికొంత సువాసన దిగుతుంది. కాబట్టి పద్ధతికీ పాత్ర ఉంది, అయితే ద్రాక్షలో లేని పరిమళాన్ని అది పుట్టించలేదు.

మసక గురించి ఆందోళన వద్దు. వడకట్టని వైన్‌లో ఈస్ట్ అవశేషాలు, ప్రొటీన్లు తేలుతుంటాయి, చురుకు కూడా చాలాసార్లు మిగిలిపోయిన కార్బన్ డయాక్సైడ్ వల్లనే. ఘాటైన వెనిగర్ వాసన గానీ, గోళ్ల రంగు తుడిచే ద్రావణం వాసన గానీ వస్తే అది లోపమే. వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్‌ను తక్కువగా వేసిన వైన్లలో కనిపించే ఎలుక వాసన మరింత మోసకారి, ఎందుకంటే వైన్‌లోని ఆమ్లత్వంలో అది పైకి ఎగరదు, లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించాక, మింగిన కొన్ని క్షణాలకు గానీ బయటపడదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే తెలియదు.

ఇంకొక మాట: 2018 అక్టోబరు నుంచి అమలైన నిబంధన ప్రకారం జపాన్‌లో పండిన ద్రాక్షతో జపాన్‌లోనే చేసినదే ‘నిహోన్ వైన్’, అదే ఏడాది హొక్కైడోకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ‘సహజ’ అన్న మాటకు మాత్రం అక్కడ చట్టపరమైన నిర్వచనం లేదు. సీసా మీద ఆ మాట కంటే ద్రాక్ష రకాన్నీ, ఊరినీ చూసి కొనడం మేలు.

టోక్యో_ప్రవాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మన వంటలతో ఇది నప్పుతుందా?

ద్రాక్షతీగ:
ఆవకాయ, గోంగూర పక్కన వద్దు. ఆల్కహాల్ కారపు మంటను పెంచుతుంది, పులుపుకు పులుపు తోడైతే పరిమళం మరుగున పడుతుంది. మిరప తగ్గించిన చేప వేపుడు, కొబ్బరిపాలతో వండిన రొయ్యల కూర బాగుంటాయి. పది, పన్నెండు డిగ్రీల చల్లదనం చాలు, అంతకంటే చల్లబరిస్తే పూలవాసన ముడుచుకుపోతుంది. సల్ఫైట్ తక్కువగా ఉన్న సీసా అయితే మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచి, త్వరగా పూర్తి చేయండి.